క్యాంపు గేటు దాకా మన సరుకు



భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు వెళ్లేవాళ్లకు సీఆర్‌పీఎఫ్ క్యాంపులు కొత్త కాదు. ఒక్క బెటాలియన్ అంటే వెయ్యి మందికి పైచిలుకు. వాళ్లకు పొద్దున టిఫిను కావాలి, రెండు పూటలా భోజనం కావాలి. సబ్బు, చీపురు, ఫినాయిలు కావాలి. పడుకోవడానికి ఇనుప మంచం, రాసుకోవడానికి బల్ల, నీళ్ల ట్యాంకు కింద స్టాండు, పైకెక్కడానికి నిచ్చెన కావాలి. తుపాకీ, తూటా పక్కన పెడితే ఇందులో చాలా వస్తువులు మన పాల్వంచలో, బూర్గంపాడులో, ఖమ్మంలో చేయగలిగినవే. అయితే చెయ్యడం వేరు, ప్రభుత్వానికి అమ్మడం వేరు. ఆ రెండోదాని గురించి ఈ పూట మాట్లాడతాను. వినేవాళ్లలో వెల్డింగు షాపు నడిపేవాళ్లు, లేతు మిషను పెట్టుకున్నవాళ్లు, మహిళా సంఘాల అక్కచెల్లెళ్లు ఉంటారని తెలుసు. ముఖ్యంగా మీకోసమే ఈ ప్రసంగం.

ముందుగా ఒక చిక్కు విప్పుకుందాం. యూనిఫాం వేసుకున్నవాళ్లంతా మన కళ్లకు ఒకటే. ప్రభుత్వ లెక్కలో మాత్రం ఒకటి కాదు. సీఆర్‌పీఎఫ్ కేంద్ర హోం శాఖ కింద ఉంటుంది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం రక్షణ శాఖ కింద ఉంటాయి. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో క్షిపణులు చేసే భారత్ డైనమిక్స్, ప్రత్యేక లోహాలు చేసే మిధానీ, సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో యుద్ధ వాహనాలు చేసే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, ఇవన్నీ రక్షణ శాఖ అధీనంలోని సంస్థలు. మన అశ్వాపురం దగ్గరి భారజల కర్మాగారం అణుశక్తి శాఖది. ఎవరి కొనుగోలు విభాగం వాళ్లది, ఎవరి షరతులు వాళ్లవి. కానీ వీళ్లందరి మీదా ఒకే ఉత్తర్వు వర్తిస్తుంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి ప్రభుత్వ కొనుగోళ్ల విధానం అని దాని పేరు. 2012లో వచ్చింది. కేంద్రంలోని ప్రతి శాఖా, ప్రతి ప్రభుత్వ రంగ సంస్థా ఏడాదిలో తాను కొనే వస్తువుల్లో, సేవల్లో విలువ లెక్కన 25 శాతం చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలని ఆ ఉత్తర్వు చెబుతోంది. మొదట్లో ఇది 20 శాతం ఉండేది. 2018లో పెంచారు. ఆ 25లో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యాజమాన్యంలోని పరిశ్రమలకు, 3 శాతం మహిళల యాజమాన్యంలోని వాటికి కేటాయించారు. 358 రకాల వస్తువులైతే చిన్న పరిశ్రమల దగ్గర తప్ప కొనకూడదని ఏకంగా జాబితాయే ఉంది.

క్షిపణులు, ఆయుధ వ్యవస్థలు ఈ వాటాల నిబంధన కిందికి రావు. అది న్యాయమే. కానీ సైన్యం కొనేది ఆయుధాలు మాత్రమే కాదు గదా!

ఎస్టీల వాటా గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. టెండరులో ఎస్సీ, ఎస్టీ పరిశ్రమలు పాల్గొనకపోయినా, ధర దగ్గర కుదరకపోయినా ఆ 4 శాతాన్ని మిగతా చిన్న పరిశ్రమల దగ్గర కొని పూర్తి చేయవచ్చని ఉత్తర్వులోనే రాసి ఉంది. అంటే భద్రాచలం ఏజెన్సీలోని కోయ యువకుడు దరఖాస్తు పెట్టకపోతే అతని వాటా అతని కోసం ఎదురుచూడదు. వేరేవాళ్లకు వెళ్లిపోతుంది, అదీ చట్టబద్ధంగానే. అడిగేవాళ్లు లేక పోయే హక్కు ఇది. నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

ఇక ధర సంగతి. పెద్ద కంపెనీతో మేమెక్కడ పోటీ పడతాం అని చాలామంది మొదటి అడుగులోనే ఆగిపోతారు. ఇక్కడ చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఉదాహరణకు వెయ్యి కిలోల బిస్కెట్లకు టెండరు పిలిచారనుకోండి. ఒక పెద్ద కంపెనీ కిలో 200 రూపాయలకు ఇస్తానంది. అదే అందరికంటే తక్కువ ధర. మీ సంఘం 228 రూపాయలు వేసింది. మామూలుగా అయితే మీ పని అయిపోయినట్టే. కానీ తక్కువ ధర వేసినది చిన్న పరిశ్రమ కాకపోతే, మీ ధర దానికి 15 శాతం లోపు తేడాలో ఉంటే, అంటే 230 దాటకపోతే, మిమ్మల్ని పిలిచి ఆ 200 రూపాయల ధరకే ఇవ్వగలరా అని అడగాలి. మీరు సరే అంటే కనీసం నాలుగో వంతు, అంటే 250 కిలోల ఆర్డరు మీకు రావాలి. సరుకును ముక్కలు చేయడం కుదరని చోట మొత్తం ఆర్డరూ ఇవ్వవచ్చు. అయితే ఆ ధరకు మీకు గిట్టుబాటు అవుతుందో లేదో ముందే ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. ప్యాకింగు, ఆటో కిరాయి, కరెంటు బిల్లు, మీ సొంత కూలీ, అన్నీ వేయండి. నష్టానికి ఒప్పుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. వద్దు అనడం కూడా మీ హక్కే.

టెండరు పత్రాలు చిన్న పరిశ్రమలకు ఉచితం. ధరావతు సొమ్ము కట్టనక్కరలేదు. ఇంతకుముందు ఇలాంటి సరఫరా చేశారా, మీ వ్యాపారం ఎంత అన్న షరతులను కూడా నాణ్యత తగ్గకుండా సడలించవచ్చు. ఆర్డరు దక్కిన తర్వాత కట్టే పనితీరు హామీ సొమ్ము మాత్రం వేరు. దాన్ని ధరావతుతో కలిపి పొరపడవద్దు. మినహాయింపు ఉంది కదా అని ఊరుకుని ఆర్డరు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఈ మినహాయింపులన్నిటికీ తాళంచెవి ఒకటే, ఉద్యం రిజిస్ట్రేషన్. 2020 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, కాగితాలు అప్‌లోడ్ చేసే పని లేదు, రూపాయి ఖర్చు లేదు. సర్కారీ వెబ్‌సైటు లాగే కనిపించే నకిలీ సైట్లు ఫీజు పేరుతో డబ్బు గుంజుతాయి. డబ్బు అడిగితే అది ఉద్యం కాదని గుర్తుపట్టండి. 2025 ఏప్రిల్ నుంచి పరిమితులు కూడా పెంచారు. యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, ఏడాది వ్యాపారం పది కోట్లు దాటనంత వరకు సూక్ష్మ పరిశ్రమే. మన ప్రాంతంలో నూటికి తొంభై పైగా దాని లోపలే ఉంటాయి.

ఆ ఫారంలో రెండు గడులు జాగ్రత్తగా నింపాలి. ఒకటి సామాజిక వర్గం, రెండు స్త్రీ లేదా పురుషుడు. నెట్ సెంటరులో కుర్రాడు గబగబా ఏదో ఒకటి నొక్కేస్తే మీ 4 శాతం, 3 శాతం ఆ నిమిషంలోనే పోతాయి. పక్కన కూర్చుని చూసుకోండి. భాగస్వామ్యం అయితే ఎస్టీల వాటా లేదా మహిళల వాటా కనీసం 51 శాతం ఉండాలి. పేరుకు మాత్రం గిరిజనుడిని ముందు నిలబెట్టి వెనక ఇంకొకరు వ్యాపారం చేసుకునే పద్ధతి ఏజెన్సీలో పాత జబ్బు. ఎవరైనా మీ సంతకం, మీ కుల ధ్రువపత్రం అడిగి నెలకింత ఇస్తామంటే ఒప్పుకోకండి. రేపు సరుకులో లోపం వచ్చినా, పన్ను బాకీ తేలినా నోటీసు మీ పేరు మీదే వస్తుంది. స్వయం సహాయక సంఘంగా కూడా ఉద్యంలో నమోదు చేసుకోవచ్చు. ఇది చాలా సంఘాలకు తెలియదు. ఇంకో విషయం, ఖమ్మం మార్కెట్లో కొని అలాగే అమ్మే వ్యాపారికి ఈ కొనుగోలు విధానం లాభాలు వర్తించవు. తయారుచేసేవాళ్లకు, సేవలు అందించేవాళ్లకు మాత్రమే.

ఆ తర్వాత జెమ్ పోర్టల్. 2016లో మొదలైన ప్రభుత్వ ఆన్‌లైన్ అంగడి అది. కేంద్ర శాఖలు తమకు కావలసిన మామూలు వస్తువులను ముందుగా అక్కడే వెతకాలి. మీ సరుకు ఫొటో, కొలతలు, ధర అందులో పెడితే భద్రాచలంలో కూర్చుని సికింద్రాబాదు కంటోన్మెంటుకో, విశాఖ నౌకాదళానికో అమ్ముకోవచ్చు. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం పట్టణం దాటితే ఎటపాక వేరే రాష్ట్రం. రాష్ట్ర పథకాలు ఈ గట్టున ఒకటి, ఆ గట్టున ఇంకొకటి. ఉద్యం, జెమ్, 2012 ఉత్తర్వు మాత్రం కేంద్రానివి కాబట్టి అవతలి చింతూరు సంఘానికీ ఇవతలి చర్ల సంఘానికీ ఒకే రకంగా వర్తిస్తాయి.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన సంగతికి వస్తాను. భద్రాచలంలో గిరిజన మహిళలు చిరుధాన్యాలతో బిస్కెట్లు చేస్తున్నారు. ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ అని వాటి పేరు. 2025 జూన్‌లో ప్రధానమంత్రి మన్ కీ బాత్ ప్రసంగంలో వాళ్ల గురించి చెప్పారు. ఒకప్పుడు పొలంలో కూలికి వెళ్లిన వాళ్లే ఇవాళ బిస్కెట్లు చేసి లండన్ దాకా పంపుతున్నారని అన్నారు. మనందరం సంతోషించాం. నేను ఆ సంతోషానికి ఇంకొక మాట కలుపుతాను. లండన్ దూరం. దుమ్ముగూడెం దగ్గర.

ఎందుకంటే 2023 చిరుధాన్యాల సంవత్సరంలో రెండు నిర్ణయాలు జరిగాయి. సైన్యం రేషనులో గోధుమ పిండికి చోటిచ్చి మానేసిన చిరుధాన్యాలను యాభై ఏళ్ల తర్వాత మళ్లీ తెచ్చారు. బియ్యం, గోధుమ పిండి కోటాలో 25 శాతం మించకుండా చిరుధాన్యాల పిండి కొనవచ్చని అనుమతి ఇచ్చారు. అదే ఏడాది మే నెలలో హోం శాఖ, సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల భోజనంలో 30 శాతం చిరుధాన్యాలు ఉండాలని నిర్ణయించింది. కొర్రలు, సామలు, జొన్నలు, రాగులు తరతరాలుగా తిన్న నేల మనది. వాటిని పండించే గూడెం పక్కనే, వాటిని తినమని ఆదేశం అందుకున్న క్యాంపు ఉంది. మధ్యలో మిగిలినది దారి వేయడమే.

ఆ దారిలో ఏముంటాయో కూడా చెప్పుకోవాలి. తినే వస్తువు ఏదైనా ఆహార భద్రతా సంస్థ ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లేకుండా కదలదు. ప్యాకెట్టు మీద తయారీ తేదీ, ఎన్నాళ్లు నిలవ ఉంటుందో, బ్యాచి నంబరు ఉండాలి. బ్యాచి నంబరు ఎందుకంటే, ఒక పెట్టెలో లోపం ఉందని ఫిర్యాదు వస్తే ఆ రోజు కాల్చిన బిస్కెట్లు మాత్రమే వెనక్కి తెచ్చుకోవచ్చు. లేకపోతే మొత్తం సరుకు పోతుంది. అడవి తేనె అయితే తేమ శాతం పరీక్ష తప్పదు. వానాకాలం తీసిన తేనెలో తేమ ఎక్కువ, పులుస్తుంది. ఇది మన వాళ్లకు నాలుక మీదే తెలుసు, కానీ కొనేవాడికి ల్యాబు కాగితం కావాలి. పరిమాణం ఇంకో ఇబ్బంది. ఒక్క సంఘం చేసే సరుకు బెటాలియన్‌కు చాలదు. పది సంఘాలు కలిసి సమాఖ్యగా ఒకే పేరుతో, ఒకే రుచితో, ఒకే కొలతతో ఇస్తేనే నిలబడుతుంది. రుచి మారకుండా చెయ్యడం వంట తెలిసినవాళ్లకు కూడా కష్టమే. పాళ్లు కాగితం మీద రాసి గోడకు అంటించుకోవాలి. సారపాక పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర తోలిన రైతులను అడగండి. పెద్ద కొనుగోలుదారుడి దగ్గర కొలత, తేమ, తూకం ఎంత కచ్చితంగా చూస్తారో వాళ్లు చెబుతారు. ఆ క్రమశిక్షణ మన ప్రాంతానికి కొత్తది కాదు.

జవాన్ల మెస్సుకు రోజూ కావలసిన కూరగాయలు, కోళ్లు, పాలు లాంటివి పెద్ద టెండర్ల దాకా పోయే సరుకు కాదు. దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 2024 అక్టోబరులో ఉత్తరాఖండ్ ప్రభుత్వం, టిబెట్ సరిహద్దును కాపలా కాసే ఐటీబీపీ ఒక ఒప్పందం చేసుకున్నాయి. బలగాలకు కావలసిన గొర్రెలు, మేకలు, కోళ్లు, చేపలు సరిహద్దు ఊళ్ల సహకార సంఘాల దగ్గరే కొంటారు. కొండ మీది పశువుల కాపరికి సంత కోసం కిందికి దిగే పని తప్పింది. హిమాలయాల్లో అయినది గోదావరి ఒడ్డున కాకపోవడానికి కారణం నాకు కనిపించదు. జిల్లా కలెక్టరు, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, సీఆర్‌పీఎఫ్ అధికారులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే చాలు.

ఇక్కడ ఒక భయం గురించి మాట్లాడకుండా దాటలేను. మావోయిస్టుల, బలగాల మధ్య నలిగిన ఈ అడవిలో క్యాంపుతో లావాదేవీ అంటే అనుమానాలు పుట్టాయి. ఎవరు ఎవరి మనిషి అన్న ప్రశ్న ఎన్నో కుటుంబాల ప్రాణాల మీదికి తెచ్చింది. అందుకే ఒంటరి మనిషి బుట్ట నెత్తిన పెట్టుకుని గేటు దగ్గరకు వెళ్లే పద్ధతి నేను చెప్పను. అమ్మకం సమాఖ్య పేరు మీద, గిరిజన సహకార సంస్థ పేరు మీద, భద్రాచలం పట్టణం నుంచి బిల్లుతో, రసీదుతో జరగాలి. అమ్మమని ఎవరినీ బలవంతపెట్టకూడదు, అమ్మిన వాళ్లను వేలెత్తి చూపకూడదు. ఇష్టం లేనివాళ్లకు సికింద్రాబాదు ఉంది, విశాఖ ఉంది, జెమ్‌లో దేశమంతా ఉంది.

ఇనుముతో పనిచేసే అన్నదమ్ములకు రెండు మాటలు. సింగరేణి గనుల వల్ల కొత్తగూడెం, పాల్వంచ చుట్టుపక్కల లేతు పని, వెల్డింగు పని బాగా తెలిసిన చేతులు తయారయ్యాయి. గనిలో నలిగే యంత్రానికి విడిభాగం చేసినవాడు రక్షణ సంస్థకు కూడా చేయగలడు. కానీ ఇక్కడ పాత ముక్క చూసి కొత్తది చేసే పద్ధతి చెల్లదు. డ్రాయింగు ప్రకారం చేయాలి, మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా కొలిచి చూపించాలి, ఇనుము ఎక్కడిదో ధ్రువపత్రం ఉండాలి. 2020లో రక్షణ శాఖ సృజన్ అనే పోర్టల్ పెట్టింది. ఇన్నాళ్లూ విదేశాల నుంచి తెప్పించుకున్న విడిభాగాల వివరాలు అందులో ఉంటాయి, ఇక్కడ ఎవరైనా చేసిపెడతారా అని అడుగుతారు. వాషర్లు, బిగింపులు, రబ్బరు సీళ్ల లాంటి చిన్న వస్తువులూ కనిపిస్తాయి. రాత్రి షాపు మూశాక అరగంట అందులో వెతకండి. కొలిచే పరికరాలకు పెట్టే ఖర్చును ఖర్చు అనుకోకండి.

డబ్బు ఎప్పుడొస్తుంది? అందరూ అడిగే ప్రశ్న. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం ఒప్పందం ఎలా రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీతో కొనుగోలుదారుడు చెల్లించాలి. సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. కాబట్టి సరుకు దింపిన రోజు సంతకం, ముద్ర, తేదీ తీసుకోకుండా తిరిగి రాకండి. ఆలస్యమైతే చిన్న పరిశ్రమల శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఈ హక్కు కూడా సరుకు ఇవ్వకముందే ఉద్యం నమోదు ఉన్నవాళ్లకే గట్టిగా నిలబడుతుంది.

పెట్టుబడి ఏజెన్సీలో పెద్ద గండం. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా కాపాడే 1/70 చట్టం మన ప్రాణం లాంటిది, దాన్ని వదులుకోకూడదు. అయితే ఆ భూమిని వేలం వేసి సులభంగా బాకీ రాబట్టుకోలేమని బ్యాంకులు అప్పు దగ్గర వెనకాడతాయి. తాకట్టు లేకుండా అప్పు ఇచ్చేందుకు కేంద్రం హామీగా నిలబడే పథకం ఉంది, సీజీటీఎంఎస్ఈ అంటారు. బ్యాంకు మేనేజరు దగ్గర ఆ పేరు పలికి అడగండి. గ్రామాల్లో గిరిజనులకు, మహిళలకు కొత్త పరిశ్రమ ఖర్చులో 35 శాతం రాయితీ ఇచ్చే పీఎంఈజీపీ కూడా జిల్లా పరిశ్రమల కేంద్రంలో దొరుకుతుంది.

మోసగాళ్ల సంగతి మరచిపోకుండా చెప్పాలి. ‘నేను ఆర్మీ ఆఫీసర్ని, క్యాంపుకు రెండు వందల భోజనాలు కావాలి, డబ్బు పంపుతాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యండి’ అని ఫోను చేస్తారు. ఫొటోలో యూనిఫాం ఉంటుంది, గుర్తింపు కార్డు కూడా పంపుతారు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీ ఖాతాలో పడదు, మీ ఖాతా నుంచి పోతుంది. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కరలేదు. పొరపాటున పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇన్ని నిబంధనలు ఒంటరిగా తెలుసుకోవడం కష్టమే. దీనికి అమెరికాలో 1985 నుంచి ఒక ఏర్పాటు ఉంది. అక్కడి రక్షణ శాఖ ఆర్థిక సాయంతో దేశమంతా సలహా కేంద్రాలు పెట్టారు. చిన్న వ్యాపారి వచ్చి కూర్చుంటే, టెండరు ఎలా చదవాలి, ఎక్కడ సంతకం పెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది డబ్బు తీసుకోకుండా చెబుతారు. అక్కడి ఆదివాసీ తెగల వ్యాపారాలకు సాయపడటానికి విడిగా కేంద్రాలు నడుస్తున్నాయి. ఆదివాసీల సంస్థకు పని పంచి ఇచ్చిన పెద్ద కంపెనీకి ఆ పని విలువలో 5 శాతం ప్రోత్సాహకం కూడా ఇస్తారు. వాటా చట్టంలో రాసి ఊరుకోలేదు, పక్కన కూర్చుని నేర్పే మనిషికి జీతం ఇచ్చారు. మన దగ్గర చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకు చేయూతనిచ్చే జాతీయ హబ్ 2016 నుంచి ఉంది. హైదరాబాదులో చిన్న పరిశ్రమల అభివృద్ధి కార్యాలయం, జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ ఎన్ఎస్ఐసీ ఉన్నాయి. అయితే చర్ల నుంచి హైదరాబాదు వెళ్లి రావాలంటే రెండు రోజుల కూలి పోతుంది.

అందుకే ఒకటే అడుగుతున్నాను, సంబంధిత అధికారులు వింటారన్న ఆశతో. భద్రాచలం ఐటీడీఏ ఆవరణలో వారానికి ఒక రోజు ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఈ నిబంధనలు తెలిసిన ఒక మనిషి ఉండాలి. చేతిలో ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం, కుల ధ్రువపత్రం పట్టుకుని వచ్చిన ఆడబిడ్డ సాయంత్రానికి ఉద్యం నంబరుతో, జెమ్ ఖాతాతో ఇంటికి వెళ్లాలి. కోయ భాష తెలిసిన మనిషైతే మరీ మంచిది. ఆ బల్ల వచ్చేదాకా ఆగకండి. ఈ వారమే కొత్తగూడెంలోనో ఖమ్మంలోనో ఉన్న జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, ఆ నాలుగు కాగితాలు బల్ల మీద పెట్టి, ‘మా ఉద్యం నమోదులో ఎస్టీ అని, మహిళ అని సరిగ్గా పడిందా, చూసి చెప్పండి’ అని అడగండి.